కుర్చీ వద్దన్న మనిషి

పొద్దున్నే ఇద్దరు మనుషులు మా ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "మేష్టారూ, ఫ్లెక్సీకి మేటర్ కావాలండి" అన్నారు. ఒకతను సన్నగా ఉన్నాడు, ఇంకొకతను అలా లేడు. పుట్టినరోజా, పెళ్ళిరోజా అని అడిగాను.

"కాదండి. లీడరుగారు పోయేరు" అన్నాడు సన్నటతను. "ఫొటో అయిపోయిందండి. మేటరొక్కటే మిగిలింది."

చావు కబురు అంత పొదుపుగా చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడని అడిగాను. తెల్లారుజామున, విశాఖపట్నం ఆసుపత్రిలో అన్నారు.

"దండిగా నాలుగు ముక్కలు రాసీండి. ఆయన గురించి మీకన్నా ఎవలికి తెలుసు" అన్నాడు రెండోవాడు.

సాయంత్రం రమ్మన్నాను. వెళ్ళేటప్పుడు సన్నటతను వెనక్కి తిరిగి, "మరీ ఎక్కువ రాయకండి మేష్టారూ. మా ఫొటోలు కూడా పట్టాలి" అన్నాడు.

అనకాపల్లిలో అప్పట్లో లీడరంటే ఒకాయనే. ఆయనకి రేషన్ కార్డులో వేరే పేరుండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెంటనే పలికేవాడు కాదు. ఆ పేరు నేనిక్కడ రాయను. రాస్తే ఆయన మనుషులు నొచ్చుకుంటారు. రాయనందుకు ఆయన నొచ్చుకునేవాడు.

నేను ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పేవాణ్ణి. ఆ సబ్జెక్టుకి ప్రాక్టికల్స్ లేవనుకునేవాణ్ణి, ఆయన తగిలేదాకా. రైల్వే స్టేషన్ బయట టీ తాగుతుంటే తెల్ల చొక్కా, మడమల పైకి కట్టిన పంచెతో ఒకాయన వచ్చి నా చేతిలో కాగితం పెట్టాడు.

"సదువుకున్నోరేనా?"

"చదువు చెబుతుంటానండి."

"రెండూ ఒకటి కాదులెండి. ఈ అర్జీ ఓసారి సదివి, ఆఫీసరుకి కోపం వత్తాదో రాదో సెప్పండి."

చదివాను. రాదన్నాను.

"అయితే తిరగ రాయండి" అన్నాడు.

రాశాను. అలా కొన్నేళ్ళపాటు రాస్తూనే ఉన్నాను. నాకు వచ్చిన తెలుగులో ముప్పాతికవంతు ఆయన అర్జీల్లోనే ఖర్చయింది. ఆయన కళ్ళు మూసుకుని చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. మధ్యలో కళ్ళు తెరిస్తే ఆ వాక్యం బాగాలేదని అర్థం.

అర్జీ పూర్తయ్యాక దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో, ఒక అంచు బయటికి కనబడేలా ఉంచుకునేవాడు. నేను ఆ జేబుని ఖాళీగా చూడలేదు. పెళ్ళిళ్ళలో కూడా అర్జీతోనే కనబడేవాడు, అక్కడ ఏ ఆఫీసరైనా భోజనానికి రాకపోతాడా అని. ఇచ్చిన ప్రతి అర్జీకి నకలు మీద స్టాంపు వేయించుకునేవాడు. స్టాంపు వేసే గుమాస్తా భోజనానికి వెళితే, తిరిగొచ్చేదాకా వరండాలో నిలబడేవాడు. ఆ నకళ్ళన్నీ ఇంట్లో ఒక రేకు పెట్టెలో ఉండేవి. "నోటితో సెప్పింది గాల్లో కలిసిపోద్ది మేష్టారూ. స్టాంపు పడ్డదే మాట" అనేవాడు.

ఇంకొక అలవాటు, ఊరంతా ఆయన్ని గుర్తుపెట్టుకున్నది దానితోనే. ప్రభుత్వాఫీసులో ఆయన కూర్చునేవాడు కాదు. ఎంత పెద్ద అధికారి కుర్చీ చూపించినా, ఆ కుర్చీ వెనక చేతులు ఆనించి నిలబడేవాడు.

"కూర్చోండి లీడరుగారూ."

"వద్దు బాబూ. కూకుంటే టీ ఇత్తారు. టీ తాగేక గట్టిగా అడగలేం."

కొత్త అధికారులు ఇబ్బందిపడేవారు. ఎదుట ఒక మనిషి అలా నిలబడి ఉంటే ఫైలు చూడకుండా ఉండటం కష్టం. కొన్ని పనులు కేవలం ఆయన్ని పంపించెయ్యడానికే జరిగాయని నా అనుమానం.

మూడుసార్లు పోటీ చేసి మూడుసార్లు ఓడిపోయాడు. ఓడిన మర్నాడే ఇంటింటికీ వెళ్ళి దణ్ణం పెట్టేవాడు. ఓటు వెయ్యనివాళ్ళకి కూడా ఎందుకని అడిగితే, "ఆళ్ళకే ముందు సెప్పాల. ఏసినోళ్ళు ఎలాగూ మనోళ్ళే" అన్నాడు. ఒకసారి పొరపాటున ఆయన పార్టీయే అధికారంలోకి వచ్చింది. రెండు నెలలు ఆయన ఏమీ తోచక బెల్లం మార్కెట్లో తిరిగాడు. తర్వాత సొంత ప్రభుత్వం మీదే ఒక అర్జీ పెట్టి తేరుకున్నాడు. ఇలాంటి మనిషిని నమ్మడానికి నాకు పెద్ద కష్టం అనిపించలేదు. నన్ను ఆయన ఏనాడూ పార్టీలో చేరమనలేదు. "మీరు బయటే ఉండండి మేష్టారూ. మీ మాటకి ఇలువుంటాది" అనేవాడు. అది పొగడ్త అనుకున్నాను. అవసరానికి దాచుకున్న సరుకు అని తర్వాత తెలిసింది.

ఇక రిలే నిరాహార దీక్ష గురించి. మా ప్రాంతంలో నాయకుల ఆకలికి వేళలుండేవి. పొద్దున్న పదింటికి టెంటు కింద, జంబుఖానా మీద, దండలు వేసుకుని పదిమంది కూర్చునేవారు. ఎన్నో రోజో బోర్డు మీద సుద్దతో రాసి ఉండేది. సాయంత్రం ఐదింటికి ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇచ్చేవాడు. ఆ పదిమంది ఇంటికి వెళ్ళి మామూలుకన్నా కొంచెం ఎక్కువ తినేవారు. మర్నాడు మరో పదిమంది. ఎవరు ఏ రోజు కూర్చోవాలో జాబితా నేను రాసేవాణ్ణి. షుగరున్నవాళ్ళకి ఆదివారం ఇచ్చేవాణ్ణి, ఆ రోజు నాలుగింటికే ముగించేవాళ్ళం. అందులో మోసమేమీ లేదు. చూసేవాళ్ళకీ తెలుసు, కూర్చునేవాళ్ళకీ తెలుసు, ప్రభుత్వానికి మరీ తెలుసు.

పూడిమడక దాటాక సముద్రం ఒడ్డున ఒక చిన్న పాలెం ఉంది. దాని ముందున్న ఇసుక మీద అక్కడి ఆడవాళ్ళు చేపలు ఎండబెడతారు, వాళ్ళ అమ్మమ్మల కాలం నుంచీ. ఆ ఇసుక ఒక కంపెనీకి కావలసి వచ్చింది. ఇసుకకి పట్టా ఉండదు కాబట్టి ఎవరి దగ్గరా తీసుకుంటున్నట్టు కూడా కాదు. కంచె వేసేస్తే సరిపోతుంది. పాలెం వాళ్ళు లీడరు దగ్గరికి వచ్చారు. ఆయన వాళ్ళతో చాలాసేపు మాట్లాడి, నా వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. నేను పెన్ను తీశాను.

పాలెంలో సభ వాళ్ళ ప్రార్థన పాకలో జరిగింది. మైకు లేదు. ఉపన్యాసం నేను రాసిందే. చివర్లో ఆయన చెయ్యెత్తి, "మీ ఇసక మీకు దక్కేదాకా మేం అన్నం ముట్టం" అన్నాడు. అనకాపల్లిలో అయితే ఆ వాక్యానికి చప్పట్లు కొట్టేవారు, తర్వాత టీకి వెళ్ళేవారు. అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ కలిసి "ఆమేన్" అన్నారు. మాకు అప్పుడే అనుమానం రావలసింది.

దీక్ష మొదలైన మూడోరోజు జాబితాలో పాలెం నుంచి ఎస్తేరమ్మ పేరు రాశాను. యాభై దాటిన మనిషి. తల మీద ఎండుచేపల గంపతో అనకాపల్లి వీధుల్లో నేనూ చూసినదే. పొద్దున్న వచ్చి కూర్చుంది, దండ వేస్తే తీసి పక్కన పెట్టింది. సాయంత్రం ఐదింటికి ఒక రిటైరైన హెడ్మాస్టరు నిమ్మరసం గ్లాసులతో బయల్దేరాడు. ఎస్తేరమ్మ దగ్గరికి వచ్చేసరికి పంపకం ఆగిపోయింది.

"పని అయిపోనాదా?" అంది.

"ఏ పనమ్మా?"

"ఇసక. మాకిచ్చీసేరా?"

హెడ్మాస్టరు లీడరు వైపు చూశాడు. లీడరు వచ్చి, సొంత అక్కని పిలిచినట్టు 'అప్పా' అంటూ పక్కన గొంతుకూర్చున్నాడు. "లేదప్పా. ఇంకా టైము పడతాది. నువ్విది తాగీసి ఇంటికెల్లిపో. రేపు మరొకలు కూకుంటారు."

"అవకుండా ఎలాగ తాగుతాం? అన్నం ముట్టం అని పాకలో మీరే సెప్పేరు కదా."

"అది రిలే అప్పా."

"రిలే అంటే?"

లీడరు నా వైపు చూశాడు. ఒకరి తర్వాత ఒకరు ఉపవాసం ఉండటం అని చెప్పాను. చెబుతుంటేనే అది బాగాలేదనిపించింది.

ఆవిడ నా వైపు తిరిగింది. "మరి దేవుడికి ఎవలి ఉపోసం లెక్కకొత్తాది బాబు?"

శుక్రవారం శుక్రవారం ప్రార్థన పాకలో ఉపవాసం ఉండి మొక్కుకునే మనుషులు వాళ్ళు. ఉపవాసమంటే అడిగింది దక్కేదాకా. ఐదింటికి అయిపోయే ఉపవాసం ఒకటుంటుందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ మంచినీళ్ళు మాత్రం తాగి, అదే జంబుఖానా మీద, తోడుకొచ్చిన కూతురి పక్కన పడుకుంది.

నాలుగోరోజు జనం కొంచెం ఎక్కువ వచ్చారు. ఐదోరోజు విలేకరులు వచ్చారు. జాబితాలో పేర్లున్నవాళ్ళు ఆవిడ పక్కన కూర్చోడానికి సిగ్గుపడటం మొదలుపెట్టారు. ఒకాయన మధ్యాహ్నం పక్కసందులోకి వెళ్ళి మూతి తుడుచుకుంటూ వచ్చి, ఆవిణ్ణి చూసి మళ్ళీ వెళ్ళిపోయాడు, ఈసారి ఇంటికి. ఆ సాయంత్రం నిమ్మరసం వచ్చినప్పుడు లీడరు గ్లాసు తీసుకోలేదు.

"అప్ప తాగితే నేనూ తాగుతాను" అన్నాడు.

నేను రాసి ఇవ్వని వాక్యం అది. నిజంగానే ఆ రెండు రోజులు ఆయన ఏమీ తినలేదు. నేను కాపలా ఉన్నాను కాబట్టి చెప్పగలను. కళ్ళు లోపలికి పోయాయి, గొంతు తగ్గింది, మాటలు తగ్గాయి. ఆకలి ఆయనకి బాగా నప్పింది. ఆ రెండు రోజులూ ఆయన కోసం నేను ఏ కాగితం మీదైనా సంతకం పెట్టి ఉండేవాణ్ణి.

ఏడోరోజు చర్చలకి రమ్మని ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అర్జీ కొత్తగా రాశాను, ఇసుక హద్దులతో సహా. ఆయన నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసు దాకా ఇద్దరం వెళ్ళాం. గది బయట ఆగి, "మీరిక్కడుండండి మేష్టారూ" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ అలా అనలేదు. నీరసంగా ఉన్నాడు, తక్కువ మాట్లాడదామనుకుంటున్నాడు అనుకున్నాను.

ఆ గదికి సగం తలుపులు. వరండాలో బెంచీ మీద కూర్చుంటే కింద నుంచి కాళ్ళు కనబడతాయి. ఒక జత బూట్లు బల్ల కింద ఉన్నాయి, అధికారివి. ఇంకో జత బూట్లు ఎవరివో తెలీదు, బాగా మెరుస్తున్నాయి. మధ్యలో లీడరు తోలు చెప్పులు, కుర్చీ వెనకాల, ఎప్పుడూ ఉండేచోటే. నేను నిశ్చింతగా గోడమీద నోటీసులు చదువుకున్నాను. మళ్ళీ చూసేసరికి చెప్పులు కుర్చీ ముందుకు వచ్చాయి. కాసేపు అక్కడ ఆగాయి. తర్వాత మడమలు కుర్చీ కిందికి వెళ్ళాయి.

అటెండరు ట్రేలో మూడు టీలు తీసుకెళ్ళాడు. కొంతసేపటికి ట్రే తిరిగి వచ్చింది. మూడు కప్పులూ ఖాళీగా ఉన్నాయి.

ఆయన బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "పనులు ఆపేత్తామన్నారు. కమిటీ ఏత్తారంట" అన్నాడు. ముఖంలో కొంచెం రంగు వచ్చింది, టీది కావచ్చు. నేను ఆయన జేబు చూశాను. అర్జీ నాలుగు మడతల్లో, అంచు బయటికి కనబడుతూ, వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

శిబిరం దగ్గర జనం నిలబడి ఉన్నారు. లీడరు స్వయంగా నిమ్మరసం గ్లాసు తీసుకుని ఎస్తేరమ్మ ముందు కూర్చున్నాడు. "అయిపోనాది అప్పా. ఆపేరు. ఇసక మీదే. తాగు."

ఆవిడ గ్లాసు పట్టుకుంది, తాగలేదు. ఆయన్ని దాటి నన్ను చూసింది.

"మేష్టరు బాబు. ఆపేరా?"

నేను తల ఊపాను.

నాలుగు రోజులుగా తిండి లేని మనిషి, ఇంకో పూట ఆగితే ఏమైపోయేదో, అందుకే ఊపానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కారణం బాగుంది కూడా. కాకపోతే ఆ క్షణంలో నాకు ఆవిడ ఆరోగ్యం గుర్తు లేదు. లీడరు నా వైపు చూశాడు. ఆయన చూస్తే వాక్యం పూర్తిచేయడం నాకు అలవాటు.

ఆవిడ తాగింది. తర్వాత ఆయనా తాగాడు, అందరికీ కనబడేలా, నెమ్మదిగా.

రెండు వారాల్లో ఇసుక చుట్టూ సిమెంటు స్తంభాలు లేచాయి, ముళ్ళ తీగ వచ్చింది. కమిటీ కూడా వేశారు. మాట తప్పారని అనడానికి లేదు. ఆ కమిటీ ఒక్కసారి సమావేశమై, పాలెం వాళ్ళకి ఆ ఇసుక మీద కాగితాలేమీ లేవని కనిపెట్టింది. నెల తిరక్కుండా లీడరు అధికార పార్టీలో చేరి, ఏదో ఒకదానికి చైర్మన్ అయ్యాడు. దేనికో ఆయన అనుచరులకి కూడా సరిగ్గా తెలీదు గానీ కారు మాత్రం ఇచ్చారు. సన్మానంలో ఎర్ర గుడ్డ వేసిన పెద్ద కుర్చీలో కూర్చున్న ఫొటో పేపర్లో వచ్చింది. కూర్చోవడం బాగానే వచ్చు ఆయనకి.

ఒకసారి ఆ కారు నా పక్కన ఆగింది. అద్దం దిగింది. "ఎక్కండి మేష్టారూ."

"నడుస్తానండి."

"కోపం వచ్చీసింది మీకు. ఎన్నాళ్ళని నిలబడతాం సెప్పండి. కాళ్ళు పీకేత్తన్నాయి. ఇక్కడుంటే ఏదో ఒకటి సెయ్యొచ్చు."

"ఏం చేశారు?"

"సూడాల" అన్నాడు.

ఆ రోజు అర్జీ ఎందుకు ఇవ్వలేదని అడిగాను. అబద్ధం చెబుతాడనుకున్నాను. చెబితే బాగుండేది.

"ఇత్తే పుచ్చుకునీవోరే. స్టాంపు కూడా ఏసీవోరు. స్టాంపుంటే రేపు మీలాంటోరు అడుగుతారు కదా మేష్టారూ." అద్దం పైకి లేపుకుని వెళ్ళిపోయాడు. అదే ఆయన నాతో ఆడిన ఆఖరి మాట. కళ్ళు మాత్రం తెరిచే ఉంచాడు.

ఎస్తేరమ్మని అంతకన్నా ఆలస్యంగా కలిశాను, అంటే అంతకాలం తప్పించుకు తిరిగాను. కూరగాయల మార్కెట్ బయట గంప పెట్టుకుని ఉంది. నన్ను చూసి నవ్వింది. అది నేను ఊహించలేదు.

"చేపలెక్కడ ఎండేస్తున్నారు?" అని అడిగాను, చాలా తెలివైనవాడిలా.

"తారురోడ్డు మీద. లారీలు తొక్కీగా మిగిలినవి తెత్తన్నాం." చేపలు అటూ ఇటూ సర్దింది. మట్టి, నలిగిన తలలు.

లీడరు చాలా అన్యాయం చేశాడని అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఆయన నాయకుడు బాబు. నాయకులు సెప్తారు. ఆయన మాటకి నేను తాగనేదు." ఒక చేప తీసి మట్టి దులిపింది. "మీరు తలూపేరని తాగేను."

అంత నిదానంగా నన్ను ఎవరూ తిట్టలేదు. ఆవిడ తిట్టలేదు కూడా, అడిగినదానికి సమాధానం చెప్పింది.

సాయంత్రం ఆ ఇద్దరూ మళ్ళీ వచ్చారు. నేను మధ్యాహ్నమంతా కాగితం ముందు కూర్చున్నాను. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ రాసి ఇచ్చేద్దామనుకున్నాను. సన్నటతను గుమ్మంలో నిలబడి, "ఆయన మీమీద పెట్టుకున్న నమ్మకం అలాంటిదండి" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. నా చెయ్యి నాకన్నా ముందు కదిలింది. 'నమ్మినవారి కోసం చివరిదాకా నిలబడిన నాయకుడు' అని రాసి ఇచ్చాను. ఇన్నేళ్ళ అభ్యాసం, ఊరికే పోదు. అతను చదివి, "మీరు తప్ప ఎవలూ రాయలేరండి" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

మర్నాడు ఫ్లెక్సీ కట్టారు, వెనకటి దీక్షా శిబిరం వేసిన చోటే, మార్కెట్ ఎదురుగా. లీడరు చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు, జేబులో అర్జీ అంచుతో. పాత ఫొటో. కింద పదిహేను మంది అనుచరులు, సన్నటతను అందరికన్నా పెద్దగా. ఫ్లెక్సీ నీడ రోడ్డు మీద బాగా పడింది. ఆ నీడలో గంప పెట్టుకుని ఎస్తేరమ్మ కూర్చుని ఉంది. నేను పక్కకి తప్పుకునేలోపు నన్ను చూసేసింది.

"లీడరే కదా బాబు, పోనాడంట కదా. కింద ఏటి రాసేరు?"

చదివి వినిపించాను. ఆవిడ తలెత్తి ఆ అక్షరాలని ఒక చివర నుంచి ఇంకో చివరికి చూసింది, చదవడం వచ్చినట్టే. తర్వాత నన్ను చూసింది. ఆ రోజు గ్లాసు చేత్తో పట్టుకుని చూసినట్టే.

"నిజవేనా?"

మెడ దానంతటదే కదలబోయింది. పట్టి ఆపాను.

"కాదు" అన్నాను. "అబద్ధం."

"రాసిందెవలు?"

"నేనే."

ఆవిడ లేచి, గంప అంచు రెండు చేతులా పట్టుకుని, నీడలోంచి బయటికి, ఎండలోకి ఈడ్చుకుంది. కొంగు తల మీద వేసుకుని దాని పక్కన కూర్చుంది.

"ఎండు సేపలకి ఎండే మంచిది బాబు" అంది.